పదికి నాలుగు

అమలాపురం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి చూసే నర్సుగారు మొదటిరోజే నా చేతిలో ఒక నోటుబుక్కు పెట్టారు. పేజీకి ఐదు గడులు గీసి ఉన్నాయి. తేదీ, టైము, బిళ్ళ, విరేచనం, నొప్పి. నొప్పి గడి అన్నిటికన్నా ఇరుకు. ఒక్క అంకె పడితే నిండిపోతుంది.

"సున్నా అంటే నొప్పి లేదని. పది అంటే ఇంతకుమించి ఉండదని. బిళ్ళ వేసే ముందు అమ్మగారిని అడిగి ఆ అంకె రాసేయండి. దాన్ని బట్టే డాక్టర్‌గారు మందు పెంచుతారు" అన్నారు.

నేను తలూపాను. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చిన్నప్పట్నుంచీ చెమటలు పడతాయి. రాయడంతో సరిపోయే పని దొరికినందుకు లోపల్లోపల సంతోషించాను కూడా.

అమ్మకి అప్పటికి డెబ్భై దాటాయి. నేను ఆవిడకి నలభయ్యోపడిలో పుట్టిన పిల్లని. గర్భసంచిలో మొదలైన క్యాన్సర్ వెన్నెముకలోకీ కాలేయంలోకీ పాకిందని కాకినాడలో చెప్పేశారు. ఇంక వైద్యం ఉండదు, నొప్పి లేకుండా చూసుకోవడం ఒక్కటే మిగిలిందన్నారు. ఆ మాట అమ్మ దగ్గర దాచాల్సిన అవసరం రాలేదు. గది బయట డాక్టరు నాతో మెల్లగా చెబుతుంటే ఆవిడే లోపలికి పిలిచి, "అమ్మాయికి కాదు బాబూ, నాకు చెప్పండి. రోగం నాది" అంది. విని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బస్సు ఎన్నింటికో కనుక్కోమంది.

మా ఊరు ఉప్పలగుప్తం దాటి ఓడలరేవు వెళ్ళే దారిలో ఉంటుంది. మా వీధిలో తాతల కాలం వరకూ అందరూ వరికోతలకీ కొబ్బరి దింపుళ్ళకీ వెళ్ళినవాళ్ళే. ఆ వీధి నుంచి మొదటి టీచరు అమ్మ. హైస్కూల్లో ముప్పైమూడేళ్ళు తెలుగు చెప్పింది. నాన్న పోయి ఆరేళ్ళు. నేను అమలాపురంలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. అమ్మని కాకినాడ నుంచి తీసుకొచ్చిన రోజే సెలవు పెట్టేశాను. రెండిళ్ళ అవతల ఉండే పిన్ని, అమ్మ చెల్లెలు, వంట తన మీద వేసుకుంది.

రోజుకి ఆరుసార్లు బిళ్ళ. ఆరుసార్లూ అడిగేదాన్ని.

"అమ్మా, పదికి ఎంత?"

అమ్మ కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించేది. లెక్క తప్పు చెప్పకూడదన్నంత శ్రద్ధగా.

"నాలుగు వెయ్యి."

మరీ ఎక్కువైన రోజు నాలుగున్నర. గడిలో అరకి చోటు చాలదు కాబట్టి అదీ నాలుగనే రాసేదాన్ని. గురువారం గురువారం నర్సుగారు వచ్చి పుస్తకం తిరగేసేవారు. "ఎంత నీటుగా రాసేరండీ. నొప్పి బాగానే అదుపులో ఉంది. మందు ఇలాగే కంటిన్యూ చేద్దాం" అనేవారు. ఆవిడ వెళ్ళాక పిన్ని నా బుగ్గ గిల్లి, "మా అక్క పెంపకం ఊరికే పోద్దా! గడి దాటి ఒక్క అక్షరం పడదు" అనేది. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం గురించి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నాకు ఇంకో నోటుబుక్కు ఉంది. ఏడో తరగతి నుంచీ రాసుకుంటున్న డైరీల్లో ఆఖరిది. అందులో గడులు లేవు. మధ్యాహ్నం అమ్మ కళ్ళు మూసుకున్నప్పుడు వంటింటి గడప మీద కూర్చుని రాసుకునేదాన్ని. అమ్మ మంచంపట్టెని పట్టుకునే తీరు, వేళ్ళ కణుపులు తెల్లబడటం, ఒడిలో తెరిచి పెట్టుకున్న పుస్తకం నాలుగు రోజులుగా అదే పేజీ దగ్గర ఉండిపోవడం. చర్చి సంఘంలోని ఆడవాళ్ళు ప్రార్థనకొచ్చి పాట ఎత్తుకుంటే అమ్మ మొదటి రెండు చరణాలూ పాడి, మూడో చరణానికి పెదవులు మాత్రం కదపడం. ఇవన్నీ చాలా శ్రద్ధగా, మాటలు వెతుక్కుని మరీ రాశాను. ఒక వాక్యం బాగా కుదిరిందనిపించినప్పుడు రెండోసారి చదువుకున్నాను. తర్వాత లేచి వెళ్ళి ఆస్పత్రి పుస్తకంలో నాలుగు అని రాశాను.

ఇలా పంతొమ్మిది రోజులు గడిచాయి.

ఇరవయ్యో రోజు పొద్దున్న పదింటికి అమ్మ పాత శిష్యుడొకాయన మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువులు చేస్తాడట. చేతిలో రొయ్యల సంచీ.

పిన్ని సంచీ అందుకుంటూనే మొదలుపెట్టింది. "ఆవిడ జావ తాగడానికే అరగంట పడతంటే రొయ్యలు తెచ్చేవేంటి నాయనా?"

"టీచరు గారి దగ్గరికి ఒట్టి చేతుల్తో ఎలా వస్తామండీ? పోనీ మీరు తినండి."

"నేను తినడానికి నాకేం రోగం లేదు. అందుకని తింటాను" అంటూ పిన్ని లోపలికెళ్ళింది.

అమ్మ నవ్వింది. దిండు ఎత్తుగా పెట్టమంది. ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అచ్చం బడిపిల్లాడిలాగే.

"ఎలా ఉందండీ టీచరు గారూ?"

"నువ్వు రాసిన వ్యాసంలా ఉంది. మొదలు బాగానే ఉంది, చివరే నడవటం లేదు."

ఆయన గట్టిగా నవ్వేశాడు. నవ్వాక, నవ్వకూడదేమోనని నా వైపు చూశాడు. "మీ అమ్మగారు నన్ను ఇప్పటికీ వదల్లేదండి. మా బ్యాచ్‌లో వ్యాసానికి పదికి నాలుగు వచ్చిందంటే వాడు ఆ రోజు కాలరెగరేసుకుని తిరిగేవాడండి, ఆయ్. నాకు ఎప్పుడూ మూడే."

"నువ్వు రాసినదానికి మూడు ఎక్కువ" అంది అమ్మ.

"మరి క్లాసు ఫస్టు వాడికో? వాడికీ ఐదేగా! లెక్కల మేస్టారు నూటికి నూరూ వేసేసేవారు. మీ చెయ్యి మాత్రం పైకి లేచేది కాదండి. ఏడు ఎప్పుడైనా వేసేరా, నిజం చెప్పండి?"

అమ్మ కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఒకసారి వేశాను. కొత్తలో. కట్టలో మూడో పేపరుకే ఏడు వేసేశాను. ఇరవయ్యో పేపరు దానికన్నా ఎంతో బాగుంది. దానికేం వెయ్యాలి? అందుకని అప్పట్నుంచీ ముందే ఖర్చుపెట్టెయ్యలేదు. తర్వాత వచ్చేదానికి చోటుంచాలి."

ఆయన కోసం తెచ్చిన కొబ్బరినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను నేను. ఆ మాట విన్నాక గ్లాసు ఇవ్వడం మర్చిపోయాను. ఆయనే లేచి వచ్చి, "ఇలా ఇవ్వండమ్మా" అని తీసుకున్నాడు.

ఈ సంగతి నాకు తెలియనిది కాదు. అమ్మ ఎర్ర సిరా పెన్ను పట్టుకుని పేపర్లు దిద్దుతుంటే పక్కన కూర్చుని మార్కులు కూడిపెట్టినదాన్ని. ఏ పిల్లాడికీ ఐదు దాటని ఆ లెక్క నా కళ్ళముందు జరిగిందే. అయినా పంతొమ్మిది రోజులు, రోజుకి ఆరుసార్లు, అమ్మని పదికి ఎంత అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాశాను.

ఆయన వెళ్ళాక అడిగాను. "నొప్పికి కూడా అలాగే వేస్తున్నావా?"

"ఎలాగే?"

"ఐదు దాటకుండా."

అమ్మ మొహం అటు తిప్పుకుంది. కిటికీ బయట పిన్ని రొయ్యలు ఒలుస్తూ కాకుల్ని తిడుతోంది.

"ముందు ముందు ఇంకా పెద్దది ఉంది కదే. అందరూ అదే అంటున్నారు. ఇప్పుడే ఎనిమిదీ తొమ్మిదీ అనేస్తే అప్పుడేం చెప్పను? మందు కూడా ఇప్పుడే పెంచేస్తే అప్పటికి మిగలొద్దా?"

"నిజంగా ఎంత ఉందమ్మా?"

"నాలుగే. డాక్టర్‌గారిని విసిగించకు. ఫోన్లు చెయ్యకు."

చెయ్యకు అంటుంటేనే ఆవిడ చెయ్యి మంచంపట్టె మీదికి పోయింది.

డాక్టర్‌గారికి ఫోన్ చెయ్యాలంటే నాకు అసలే వణుకు. పాలవాడికి రేపు పాలొద్దని చెప్పడానికి కూడా ముందు మనసులో మూడుసార్లు అనుకునే మనిషిని. ఒక కాగితం మీద చెప్పాల్సినవన్నీ వరసగా రాసుకున్నాను. "నమస్కారమండి. నేను ఫలానా పేషెంటు అమ్మాయిని." అది కూడా రాసుకున్నాను. వరండాలో నిలబడి నంబరు నొక్కాను.

నర్సుగారు ఎత్తి డాక్టర్‌గారికి ఇచ్చారు. డాక్టరమ్మ గొంతులో విసుగు లేదు గానీ తొందర ఉంది. వెనకాల పిల్లలెవరో ఏడుస్తున్నారు. నా కాగితంలో ఉన్నది గడగడా చదివేశాను. అమ్మ తెలుగు టీచరనీ, మార్కులు తక్కువ వేస్తుందనీ చెప్పాను. చెబుతుంటే నాకే పిచ్చిమాటలా వినిపించింది.

"చార్టులో మొన్న గురువారం కూడా నాలుగే ఉందమ్మా" అన్నారు. "ఇవాళ ఎంతన్నారు?"

"నాలుగేనండి."

"మరి ఎక్కువుందని మీరు ఎలా అంటున్నారు?"

నా కాగితం అక్కడితో అయిపోయింది. ఆ ప్రశ్నకి జవాబు రాసుకోలేదు. ఆవిడ "హలో" అన్నారు. ఇంకో రెండు క్షణాలుంటే పెట్టేసేవారే. నేను "ఒక్క నిమిషమండి" అని లోపలికి పరుగెత్తి, బియ్యండబ్బా వెనకున్న డైరీ తీసుకొచ్చాను.

అది ఎవరికీ చూపించిన పుస్తకం కాదు. అమ్మకి కూడా. పేజీలు తిప్పి, ఎక్కడ పడితే అక్కడ చదవడం మొదలుపెట్టాను.

"మంగళవారం. కాఫీ గ్లాసు కోసం చెయ్యి చాపి మధ్యలో ఆపేసింది. అలాగే ఉండిపోయింది. నేను గ్లాసు దగ్గరికి జరిపితే, అక్కర్లేదు, చల్లారనీ అంది. బుధవారం. స్నానం చేయిస్తుంటే నడుం దగ్గర నీళ్ళు పోయొద్దంది. నీళ్ళు తగిలినా వద్దంది. శుక్రవారం. ఎడమ పక్కకి తిరగడం మానేసి వారమైంది. అటు పక్కన కిటికీ ఉందని మంచం అక్కడ వేయించుకున్నది తనే. ఆదివారం. అందరూ ఆమెన్ అన్నాక కళ్ళు తెరవలేదు. ప్రార్థన చేసుకుంటోందనుకున్నారు. దవడ బిగిసి ఉంది."

నడుమ నేను పెట్టిన ఉపమానాలు అడ్డొచ్చాయి. తోకతెగిన గాలిపటం ఒకటి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన తెప్ప ఒకటి. వాటిని దాటేసి చదివాను. రాసినప్పుడు నాకెంతో నచ్చినవి, అమ్మ నొప్పి పక్కన వాటిని పెట్టి చూస్తే సిగ్గేసింది. రెండుచోట్ల ఆగాను. ఆవిడ ఆపమనలేదు.

అంతా విన్నాక అడిగారు. "ఇవన్నీ మా నోటుబుక్కులో ఎందుకు రాయలేదమ్మా?"

"దాంట్లో అంకె గడి ఒక్కటే ఉందండి."

దాంతో ఆవిడ గొంతు మారింది. మందు ఎంత పెంచాలో, దేన్ని ఎప్పుడు వెయ్యాలో చెప్పారు. రాసుకున్నానో లేదో తిరిగి చదవమన్నారు. సాయంత్రం లోపు నర్సుని పంపిస్తానన్నారు.

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. నేను అంతసేపు మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. వరండాకీ అమ్మ గదికీ మధ్య ఉన్నది ఒక పరదా మాత్రమేనని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

పెంచిన మందుతో రెండు రోజులు అమ్మ దాదాపు నిద్రలోనే ఉంది. పిన్ని భయపడింది. "ఇదేంటమ్మా, మనిషిని మత్తులో పడేసేరు. ఇలాగే తీసుకుపోతారా ఏంటి?" అని రెండుమూడుసార్లు అంది. ఇన్నాళ్ళ అలసట తీరేదాకా నిద్రపోతారని నర్సుగారు ముందే చెప్పారు. చెప్పినా భయం నాకూ ఉంది. మూడోరోజు పొద్దున్న అమ్మ లేచి ఆకలంది. పిన్ని పరుగున వెళ్ళి పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వండి తెచ్చింది. అమ్మ ఒకటి పూర్తిగా తిన్నది. తిని, చాలా నెమ్మదిగా, ఎడమ పక్కకి తిరిగింది.

పిన్ని బయటికెళ్ళి ఏడ్చి మొహం కడుక్కుని వచ్చి, "రెండోది పెట్టమంటావా అక్కా, సిగ్గుపడకు" అంది.

ఆ మధ్యాహ్నం అమ్మ నన్ను పిలిచింది.

"డాక్టర్‌గారికి నా గురించి ఏదో చదివావు కదా. అది తే."

తప్పించుకోవాలని చూశాను. కుదర్లేదు. స్టూలు మీద కూర్చుని మొదటి నుంచీ చదివాను. ఈసారి ఉపమానాలతో సహా. దిద్దుతుందేమోనని ప్రతి వాక్యం దగ్గరా ఆగాను. ఆవిడ ఏమీ దిద్దలేదు. కళ్ళు మూసుకుని, ఎవరి గురించో వింటున్నట్టు వింది. స్నానం దగ్గరికి వచ్చేసరికి కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారి దిండులోకి ఇంకాయి. అమ్మ ఏడవడం నాన్న పోయినప్పుడు కూడా నేను సరిగా చూడలేదు.

"అంతా కనబడిందన్నమాట" అంది.

"కనబడింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"నువ్వు నాలుగన్నావు కదమ్మా" అన్నాను.

"నేను చెప్పింది రాశావు. నువ్వు చూసింది దాచుకున్నావు."

ఆవిడ చెయ్యి చాపి నా వేళ్ళు పట్టుకుంది. "తప్పు ఇద్దరిదీలే. ఇంక నన్ను అంకె అడక్కు" అంది. ఆ రోజు నుంచి అడగలేదు. నొప్పి వస్తే "వస్తోందే" అని ఆవిడే చెప్పేది. ముప్పైమూడేళ్ళు పిల్లల్ని అదిలించిన గొంతుతో, చిన్నపిల్లలా, "వస్తోందే, తొందరగా రా" అనేది. నేను పరుగెత్తేదాన్ని. గడిలో ఆవిడ మాటే రాసి, పక్క గడుల మీదికి పోయినా సరే, ఆ పూట ఎలా పడుకుందో, ఏం తిన్నదో కూడా రాశాను. నర్సుగారు ఏమీ అనలేదు.

అలా పన్నెండు రోజులు బతికింది. అందులో తొమ్మిది రోజులు బాగానే మాట్లాడింది. పన్నెండో రోజు పొద్దున్న, పిన్ని గేటు దగ్గర చేపలమ్మే మనిషితో బేరం ఆడుతుండగా, నేను జావ కలుపుతుండగా, ఊపిరి మధ్యలో దూరం పెరుగుతూ వచ్చి ఆగిపోయింది. మొహం ఎక్కడా బిగిసి లేదు. చాలాసేపు చూశాను. అది నిజమేనా, నేను చూడాలనుకుంటున్నది చూస్తున్నానా అని మళ్ళీ మళ్ళీ చూసి, అప్పుడు పిన్నిని పిలిచాను.

అమ్మకి ప్రశాంతమైన పన్నెండు రోజులు ఇచ్చానని అందరూ అంటారు. పిన్ని వీధిలో అందరికీ అదే చెప్పుకుంటుంది. నాకు మాత్రం ముందు గడిచిన పంతొమ్మిది రోజులే గుర్తొస్తాయి. ఒక్కో రోజుకి ఆరు నాలుగులు, వంకర లేకుండా, నా చేతిరాతలో.

మిగిలిన బిళ్ళలు తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ మందు ఇళ్ళలో ఉంచకూడదట. సమాధి అయిన వారానికి బిళ్ళలూ నోటుబుక్కూ సంచిలో పెట్టుకుని అమలాపురం బస్సెక్కాను. నర్సుగారు లోపల ఎవరినో చూస్తున్నారని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. నా పక్కన నా వయసే ఉన్న ఒకావిడ. ఒడిలో అదే నోటుబుక్కు, కొత్తది. ఆవిడ పక్కన చక్రాల కుర్చీలో వాళ్ళ నాన్నగారు, అరచేతులు తొడల కింద పెట్టుకుని, గోడ వంక చూస్తున్నారు.

"నాన్నగారూ, నొప్పి పదికి ఎంత చెప్పమంటారు?" అని ఆవిడ అడిగింది.

"ఏముంది, మామూలే. రెండు రాయి" అన్నారాయన.

ఆవిడ రెండు రాసింది.

అక్కడ ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. నేను ఏమీ రాసుకుని తెచ్చుకోలేదు.

"ఏవండీ" అన్నాను. గొంతు సరిగా రాలేదు. మళ్ళీ అన్నాను. "ఏవండీ, అంకె ఒక్కటీ రాస్తే చాలదండి. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకున్నారో చూడండి."

ఆవిడ నా వంక చూసింది, తర్వాత వాళ్ళ నాన్నగారి చేతుల వంక. ఆయన చటుక్కున చేతులు పైకి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"మీరు ఎవరికోసం వచ్చేరండీ?" అని అడిగింది.

"మా అమ్మగారి బిళ్ళలు తిరిగి ఇద్దామనండి. పోయినవారం పోయేరు."

ఆవిడ బెంచీ మీద కొంచెం దూరం జరిగింది. చావు అంటుకుంటుందన్నట్టు. ఎందుకు మాట్లాడానా అనుకుని తలదించుకున్నాను. లోపల్నుంచి నర్సుగారు నన్ను పిలిచారు. సంచి తీసుకుని లేచాను.

"ఏవండీ" అంది ఆవిడ వెనకనుంచి. తిరిగి చూస్తే పుస్తకం మోకాలి మీద తెరిచి, పెన్ను పట్టుకుని ఉంది. "ఇంకా ఏమేం చూసుకోవాలండీ?"

నర్సుగారిని ఒక్క నిమిషం ఆగమని చెప్పి, వెనక్కి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాను.